తొండ జారిన కొండ

వినుడు, వినుడు! పని లేనివారు కూర్చుండి వినుడు, పని ఉన్నవారు అది మానుకొని మరీ వినుడు! ఒకానొక ఆదివారమున, వంటింటికిని పడకటింటికిని నడుమనున్న వరండా రణరంగమున, తాపీపాణియు, సిమెంటుధూళిధూసరితగాత్రుడును, అసంఖ్యాక స్నానగృహ కుడ్య నిర్మాణ ధురంధరుడును నగు టైల్స్ మేస్త్రి, తన పెంపుడు తొండ కొరకు అద్దాల పెట్టెలో గిరిదుర్గమును కట్టి ముగించి, మీసము దువ్వెను.

ఏల ఈ మహాయత్నము? ఇంటికి వచ్చినది మొదలు ఆ తొండ మిడతను ముట్టలేదు. ఎత్తైన రాతిపై, దీపపు వేడిమిలో కూర్చున్నగాని దానికి ఆకలి పుట్టదని అమ్మినవాడు చెప్పెను. సాయంత్రములోగా తినకున్న దుకాణమునకే తిరిగి పంపవలెనని ఇల్లాలు శాసించెను. మేస్త్రికి ఆ తొండయన్న పంచప్రాణములు.

"ఏమే, ఇటు రా! ప్రళయం వచ్చినా ఈ కొండకి పగులు రాదు. చెయ్యి పెట్టి చూడు, వెన్నపూస!"

ఆ వెన్నపూసయే కొంప ముంచెను. తొండ గోళ్లు సాచి ఎగబాకెను, సర్రున జారెను. మరల ఎగబాకి, మరల జారి, వెల్లకిలపడి కాళ్లు తన్నుకొనెను. అయ్యో పాపము! అలవాటైన చేయి గదా, బండల సందులన్నియు పూడ్చి, రుద్ది రుద్ది అద్దము చేసి పెట్టెను.

నడుము పట్టుకొని వచ్చిన ఇల్లాలు పకపక నవ్వెను.

"ఇది కొండా, బాత్రూం గోడా అండీ? కుళాయి కూడా బిగించండి, స్నానం చేస్తుంది! ముందు దాన్ని తిరగెయ్యండి, పాపం."

"నా పనిలో గరుకన్న మాట లేదు! చేతులారా తెచ్చిన నునుపుని చేతులారా చెడగొట్టుకోనా? ప్రాణం పోయినా సరే!"

"మీ నునుపు దాని కడుపు నింపుతుందా? పోయేది దాని ప్రాణమండీ!"

వీరుడు కన్నీరు దిగమ్రింగి, తొండను తిరగవేసి ఒక మూలకు జరిపి, ఉలి నిలిపి, సుత్తి ఎత్తెను. పెళ్లలు లేచెను, గాట్లు పడెను, తన పనితనము తన కన్నులయెదుటనే రాలి పడెను. "ఇక్కడింకో దెబ్బ వెయ్యండి" అని ఇల్లాలు వేలు చూపుచునే యుండెను.

పొద్దు వాలుచుండగా తొండ ఆ గాట్లు పట్టుకొని ఎక్కెను. ఎంత? జానెడు! దీపము క్రింద చతికిలబడి, మిడతను గుటుక్కున మ్రింగెను. వంటింట కుక్కరు విజయశంఖమై కూసెను. జయము, జయము! తొండ కొండపై నున్నది, మిడత తొండలో నున్నది!

"బాగుంది. ఆ చేత్తోనే మన బాత్రూంలో కూడా నాలుగు గాట్లు పెట్టండి. మీరు టైల్స్ వేసినప్పట్నించీ నేనూ జారుతూనే ఉన్నా."

గిరిదుర్గవిజేత మరల ఉలి అందుకొనెను.