కోటేశ్వరమ్మ గారి నాలుగో తద్దినం

రాధాకృష్ణమూర్తి ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పురోహితుడు తాతారావు గారొస్తారు, భార్య కోటేశ్వరమ్మ నాలుగో తద్దినం పెట్టిస్తారు, భోక్తలిద్దరూ తిని చేతులు కడుక్కుంటారు. ఆ తరువాత మళ్ళీ ఏడాది దాకా ఆ గుమ్మం తొక్కేవాడుండడు. పిల్లలు లేరు. నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదుల వాటా, ఒక కుక్కరు, ఒక ఫోను. ఎవరు ఫోను చేసినా ఆయన స్పీకరులో పెడతాడు. చెవుడేం లేదు. ఇంట్లో కాసేపు ఇంకో గొంతు తిరుగుతుందని. బీమా అమ్మే పిల్లలు సైతం ఆయనకు ఫోను చేసి, చివరికి వాళ్ళే విసుగెత్తి పెట్టేసేవాళ్ళు.

తాతారావు గారు దర్భలు సర్దుతుండగా ఫోను మోగింది.

"నమస్తే అండీ, నా పేరు అనూహ్య. అబిడ్స్‌లో కణాల పరిశోధన చేసే ల్యాబు నుంచి. కోటేశ్వరమ్మ గారికి ఆపరేషనప్పుడు పరిశోధనకని చిన్న ముక్క తీశారు, గుర్తుందా? మీరిద్దరూ సంతకాలు పెట్టారు. ఆ కణాలు ఇంకా బతికే ఉన్నాయండి. చక్కగా పెరుగుతున్నాయి. వాటి మీద కొత్త మందులు పరీక్షించాలంటే మళ్ళీ మీ అనుమతి కావాలి. సాయంత్రంలోగా సంతకం రాకపోతే రూలు ప్రకారం నాశనం చేసేయాలి."

రాధాకృష్ణమూర్తి చేతిలో నువ్వుల గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

తాతారావు గారు దర్భలు చుట్టేశారు. "ఒంట్లో గోరంత ముక్క ప్రాణంతో ఉన్నా తద్దినం చెల్లదండీ. బతికున్న మనిషికి పిండం పెట్టించిన పాపం నాకెందుకు?" ఇది ఏ శాస్త్రంలో ఉందో ఆయన చెప్పలేదు. పురోహితుణ్ణి అడగకూడని ప్రశ్నలు కొన్నుంటాయి, అందులో ఇది మొదటిది.

స్పీకరు గొంతు గోడ అవతలికి కూడా వెళ్ళింది. ఇంటి ఓనరు కిషన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏంది సార్, అమ్మ బతికున్నదా?"

"అమ్మ కాదయ్యా. అమ్మలో ముక్క."

"ముక్క బతికుంటే అమ్మ బతికున్నట్టే గదా. ఏమంటరు పంతులుగారూ?"

"నేనూ అదే అంటున్నాను," అన్నారు తాతారావు గారు.

"మరి గిట్ల కూసుంటే ఎట్ల? పోదాం పాండ్రి."

కిషన్ భార్య అహల్య అప్పటికే పళ్ళెంలో పసుపు, కుంకుమ, రవికెగుడ్డ, మూరెడు మల్లెపూలు సర్దేసింది. "ముత్తైదువ తానకు ఉత్త చేతులతోని పోతమా?" అంది. గారెలు కూడా కట్టిద్దామని వంటింటి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎవరి తద్దినానికి వండిన గారెలు వాళ్ళ చేతే తినిపించడం ఎందుకో బాగుండదనిపించింది. "పది నిమిషాలాగుండ్రి, ఉప్మా చేస్త."

అట్లా బయల్దేరారు. ముందు కిషన్, వెనక పళ్ళెంతో అహల్య, ఆ వెనక పురోహితుడు, పొద్దుటి నుంచీ కడుపు మాడ్చుకున్న భోక్తలిద్దరు. దారిలో అడిగినవాడికల్లా కిషనే జవాబు చెప్పాడు. చెప్పినవాడు కిషనైతే మాట కురచగా ఉంటుందా? నాంపల్లి స్టేషను దగ్గర కోటేశ్వరమ్మ కళ్ళు తెరిచింది. చిరాగ్ అలీ సందు మొదట్లో లేచి కూర్చుంది. అబిడ్స్ పోస్టాఫీసు దగ్గరికి వచ్చేసరికి ఫిల్టరు కాఫీ అడిగి, చక్కెర తక్కువైందని వంక కూడా పెట్టింది.

రాధాకృష్ణమూర్తి అందరికంటే వెనక నడిచాడు. సంతకం పెట్టకపోతే పారేస్తారు. పెడితే మందులు పోస్తారు. ఆసుపత్రిలో ఆర్నెల్లు ఆవిడ ఒంట్లోకి ఎక్కిన మందులన్నీ ఆయన పక్కనే కూర్చుని చూశాడు. చివరి సీసా రోజున ఆవిడ, "ఇంక చాలు లెండి," అంది. మళ్ళీ అదే పనా? ఆ ల్యాబు పిల్ల కాళ్ళు పట్టుకునైనా సరే, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచమనాలి. వారానికోసారి వెళ్ళి పక్కన కూర్చోవచ్చు.

మూడో అంతస్తులో అనూహ్య ఈ మందను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "వీళ్ళంతా ఎవరండీ?"

"ఆవిడ మనుషులు," అన్నాడాయన.

"కుంకుమ లోపలికి తేకూడదమ్మా."

"సరే తియ్, బయటి తలుపుకే పెడత," అని అహల్య అద్దాల తలుపుకి రూపాయంత బొట్టు పెట్టేసింది.

రాధాకృష్ణమూర్తిని ఒక్కణ్ణే లోపలికి తీసుకెళ్ళి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ఆయన కన్ను ఆనించాడు. నీళ్ళలో నానిన అటుకుల్లాగా వందలకొద్దీ ఉన్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

"నేనే," అన్నాడు మెల్లిగా. "గ్యాసు నా పేరుకి మార్పించాను. నీ పెద్ద జాడీ పగిలింది. పిల్లి కాదు, నేనే పగలగొట్టాను. ఆవకాయ పెట్టడం రాలేదు, కొనుక్కుంటున్నాను. బాగుండదు."

అనూహ్య గోడవైపు తిరిగి నిలబడింది.

"మందులొద్దమ్మా," అన్నాడాయన తలెత్తి. "ఇలాగే ఉండనివ్వండి. నేను వచ్చి చూసుకుంటూ ఉంటాను."

అనూహ్య స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఫోనులో నేను సరిగ్గా చెప్పలేదండీ. తప్పు నాదే. అప్పుడు తీసింది గడ్డలోంచి. ఇవి జబ్బు కణాలు. మామూలు కణాలు బయట ఇన్నేళ్ళు బతకవు. ఆవిడని తీసుకెళ్ళింది ఇవే."

ఆయన మళ్ళీ కన్ను ఆనించాడు. ఈసారి చాలాసేపు చూశాడు.

"అయితే జాడీ సంగతి నేను చెప్పుకున్నది వీటికా?"

"అవునండీ."

"ఇంత పుష్టిగా ఉన్నాయేం?"

"రెండు రోజులకోసారి పోషకాలు మారుస్తామండి."

"ఆవిడకి ఆఖర్న మంచినీళ్ళు కూడా దిగలేదు," అన్నాడాయన. "కాగితం ఎక్కడుంది?"

ఆయన ఒత్తి పెట్టిన సంతకం అచ్చు కింది రెండు కాగితాల మీద కూడా పడింది. మందులు ఎప్పుడు వేస్తారని అడిగాడు. వచ్చే శుక్రవారం మొదలు, వారానికొక మందు, పన్నెండు వారాలు అంది అనూహ్య. లోపలికి రానివ్వరట. "కింద మెట్ల మీద కూర్చుంటానమ్మా," అన్నాడు. ఏ మందుకి ఎన్ని పోయాయో తనే దిగొచ్చి చెప్తానంది ఆ పిల్ల.

బయట అందరూ లేచి నిలబడ్డారు. భోక్తలు మూతులు తుడుచుకుంటున్నారు, ఉప్మా డబ్బా ఖాళీగా ఉంది.

"ఎట్లున్నది సార్ అమ్మ?" అన్నాడు కిషన్.

"లేదయ్యా," అన్నాడు రాధాకృష్ణమూర్తి. నాలుగేళ్ళలో ఆ మాట ఆయన నోటివెంట రావడం అదే మొదలు.

అహల్య పళ్ళెం మీద కొంగు కప్పేసింది. "ఇయ్యాల అందరం మీ ఇంట్లనే తింటం సార్," అంది.

మెట్లు దిగుతూ తాతారావు గారు వేళ్ళు లెక్కపెట్టారు. "వచ్చే శుక్రవారం అన్నారా? ఆ రోజు పొద్దున్నే వర్జ్యం. కొత్త మందు మొదలెట్టడానికి అస్సలు మంచిది కాదండీ."

"వర్జ్యం వాటికి లెండి," అన్నాడు రాధాకృష్ణమూర్తి. "నాకు వీలే."