పౌరుషపు శాలువా

రంగు మార్చడం మన జిల్లాలో నాయకుల జన్మహక్కు. ఆ హక్కును గుడ్డకు కూడా ప్రసాదించిన మహానుభావుడు ప్రొద్దుటూరు నేతగాడు రామసుబ్బయ్య. వేడి తగిలితే తెల్లబడి, చల్లారితే మళ్లీ నీలమయ్యే శాలువా నేశాడు. నడుమ కరెంటు పారే దారంతో ‘పౌరుషం’ అని అల్లి, అంచులో చిన్న బ్యాటరీ కుట్టాడు. మీట నొక్కితే దారం వేడెక్కి అక్షరాలు తెల్లగా తేలతాయి.

కోరి నేయించుకున్నది ఆ ఊరి నాయకుడు బాలన్న. జమ్మలమడుగు కేశన్నది వేరే పార్టీ, ఇద్దరిదీ పాత పగ. ఆ పగకు రెండు వైపులా కలిపి పదకొండు మంది పోయారు. నాయకులిద్దరికీ బీపీ వచ్చింది. కేశన్నకు అదనంగా కుడిచేతి మధ్యవేలు పోయింది. బాంబు చుడుతుంటే పోయిన ఆ వేలిని ఆసుపత్రిలో దీపావళి టపాసు ఖాతాలో రాయించాడు.

“కేశన్న ఊర్లల్లో గడప తొక్కినోడు నా మనిషి కాదు” అని బాలన్న శాసనం చేసి మూడేళ్లయింది. రామసుబ్బయ్య కూతురు మునెమ్మ కాపురం ఆ ఊళ్లలోనే. మనవరాలికి రెండేళ్లు నిండినా తాత ఇంకా ముఖం చూడలేదు. శాలువా నచ్చితే అనుమతి అడగాలని ఆయన ఆశ.

అప్పగించేటప్పుడు లోపం కూడా దాచకుండా చెప్పాడు.

“చెయ్యి ఆనిస్తే అచ్చు పడతాందన్నా. రెండు నిమిషాలుంటాది. మా చౌడమ్మ తడిమితే ఐదు వేళ్లూ పడినాయి.”

“నన్ను తాకే మొగోడు యాడుండాడప్పా?” బాలన్న మీసం సవరించుకున్నాడు.

“ఒక్కసారి బిడ్డను చూసొస్తానన్నా.”

“పౌరుషముందా నీకు? సభ కానీ, చూద్దాం.”

డిసెంబరు చలిలో సభ. వేదిక వెనక గదిలో బాలన్న అరగంట ధ్యానం చేసుకున్నాడు. గది వెనక తలుపు దగ్గర నల్లద్దాల కారు ఆగి ఉండటం రామసుబ్బయ్య చూశాడు గానీ, ధ్యానానికి కారెందుకని ఆలోచించలేదు.

బాలన్న గదిలోంచి నేరుగా మైకు దగ్గరికొచ్చాడు. “ఆ కేశన్న నీడ పడినా తలకు పోసుకుంటా” అని గర్జించి, జనానికి వీపు తిప్పి మీట నొక్కాడు.

పౌరుషం తెల్లగా తేలింది. దానికి అటూ ఇటూ రెండు అరచేతులు కూడా ఉన్నాయి, గట్టిగా కౌగిలించుకున్నవి. ఎడమ చేతికి ఐదు వేళ్లు. కుడి చేతికి నాలుగే.

చప్పట్లు రాలేదు.

“ఏమప్పా, కనపడతాందా?” అన్నాడు బాలన్న, వీపు అలాగే ఉంచి.

“శానా బాగ కనపడతాందన్నా” అన్నారెవరో.

చౌడమ్మ కొంగు దోపుకుని లేచి మొగుడి దగ్గరికొచ్చింది. “పదయ్యా, బిడ్డ కాడికి పోదాం.”

“అన్న ఒప్పుకోవద్దా?”

“వీపు మీద రాసిచ్చినాడు కదా.”

జమ్మలమడుగు బస్సులో సీటు దొరకలేదు. సభకు వచ్చినవాళ్లు సగం మంది అందులోనే ఉన్నారు. పొద్దున జెండా మోసిన వెంకటేశు అదే జెండాలో జామకాయలు మూటగట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

“మా యక్క ఆడుంది మామా. చూసి మూడేండ్లాయ” అని, లేచి చౌడమ్మకు చోటిచ్చాడు.