సీసా వదలని వియ్యంకుడు

ఆ ఆదివారం పొద్దున మాస్టారి కార్యక్రమం చాలా చిన్నది. బీరువా తలుపు కిర్రుమనకుండా నూనె వేయడం, ప్రయాణానికి రెండు చొక్కాలు ఇస్త్రీ చేసుకోవడం, మధ్యాహ్నం ఒక కునుకు తీయడం. రిటైరైన మనిషి ఇంతకు మించి ఆశపడకూడదని ఆయన నమ్మకం. నూనె డబ్బా మూత తీస్తుండగానే కూతురు ఫోను చేసింది.

"నాన్నా, బుధవారం షిప్పు ఎక్కేటప్పుడు మనిషికో వైను సీసా తెచ్చుకోనిస్తారట. సీలు తీసి ఉండకూడదు, చేతిసంచిలోనే పెట్టుకోవాలి. మా మామయ్యగారు షోకేసులో దాచుకున్నది తెస్తున్నారు. మన తరఫున కూడా ఒకటి ఉంటే బాగుంటుంది కదా?"

"మన ఇంట్లో ఎవరు తాగుతారే?"

"తాగడానికి కాదు నాన్నా. ఉండాలి, అంతే. పదకొండింటికి మీ అల్లుడు వచ్చి నిన్ను షాపుకి తీసుకెళ్తారు."

పెళ్ళయి ఆరు నెలలైంది. రెండు కుటుంబాలూ కలిసి చేస్తున్న మొదటి ప్రయాణం ఇది. నాలుగు రోజులు సముద్రం మీద తిరిగి రావాలన్నది వియ్యంకుడి ఆలోచన. ఆయన పేరున్న పళ్ళ డాక్టరు. నెరిసిన జుట్టు, తళతళలాడే పలువరుస, పది దేశాలు తిరిగిన మాట. ఆయన ముందు కూర్చుంటే మాస్టారికి తన చొక్కా కాలరు చిరిగిందేమోనని అనుమానం వచ్చేది. ఎప్పుడూ చిరగలేదు, అది వేరే సంగతి.

మాస్టారు జీవితంలో తాగిన అతి ఘాటైన పదార్థం దగ్గుమందు. ముప్పై నాలుగేళ్ళు ఆయన లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో రంగులు సరిచూసే పని చేశారు. తలనూనెలు, జాములు, దగ్గుమందులు, వైను సీసాలు, అన్నింటికీ ఆయన చూసి సరేనన్నాకే లేబుళ్ళు గడప దాటేవి. ఎరుపు నీలం మీదికి ఒక్క వెంట్రుకవాసి జరిగినా లాటు మొత్తం వెనక్కి కొట్టేవారు. అందుకే ప్రెస్సులో ఆయనకు వెంట్రుకవాసి మాస్టారని పేరు. ఆ పేరంటే ఆయనకు పైకి చెప్పుకోలేనంత ఇష్టం. కాని పెళ్ళిమాటలప్పుడు కూతురు పక్కకు పిలిచి, "నాన్నా, ప్రెస్సులో చేశానని చెప్పు చాలు, లేబుళ్ళ సంగతంతా ఎందుకు" అంది. ఆయన సరేనమ్మా అన్నారు. మనసు చివుక్కుమంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

షాపులో గోడంతా సీసాలే. ఏది తీసుకోవాలో మాస్టారికి పాలుపోలేదు. అల్లుడు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏమీ తెలియనిచోట మనిషి తనకు తెలిసినదాన్నే పట్టుకుంటాడు. మాస్టారు జేబులోంచి బొటనవేలంత భూతద్దం తీసి మొదటి సీసా లేబులు మీద ఆనించారు. బంగారు గీతలోంచి ఎరుపు బయటికి పాకింది. పెట్టేశారు. రెండోదాని అంచు వంకరగా కోశారు. పెట్టేశారు. మూడోది చౌకరకం, గుట్టగా పోసి ఉంది, నీలం లేబులు మీద కొంగ బొమ్మ. రంగు పక్కకు జరిగి కొంగకు రెండు ముక్కులు కనబడుతున్నాయి. జాలిగా దాన్ని కూడా పెట్టేశారు. అలా పదకొండు సీసాలు లైటు వెలుగులో తిప్పి, గోటితో అంచు తడిమి, పల్లెత్తు మాట అనకుండా వెనక్కి పెట్టారు. పన్నెండోది చేతిలోకి తీసుకోగానే ఆయన కళ్ళు చెమర్చాయి. అంత నిఖార్సైన అచ్చుపని చూసి నాలుగేళ్ళయింది.

"ఇది" అన్నారు.

"ఎంతోమంది వస్తారు సార్, గబగబా ఒకటి పట్టుకుపోతారు. సీసాని ఇలా చూసినవాళ్ళని నేను చూళ్ళేదు" అన్నాడు షాపతను, రెండు చేతులతో అందుకుంటూ.

వైను గురించి అల్లుడికి తెలిసింది మామగారికి తెలిసినంతే. కాబట్టి అతనికి అదంతా మహావిద్యలా కనిపించింది. ఇంటికెళ్ళి, మామయ్యగారు పదకొండు సీసాలు పనికిరావన్నారని తల్లితో చెప్పాడు. తల్లి తన అక్కతో చెప్పింది. చిలికి చిలికి గాలివాన అయినట్టు, మర్నాటికల్లా మాస్టారు మూత తీయకుండానే లోపలి సరుకు వయసు చెప్పగలరన్నదాకా వచ్చింది.

వియ్యపురాలు మాస్టారి భార్యకు ఫోను చేసింది. "వదినగారూ, అన్నయ్యగారికి ఇంత విద్య ఉందని ఒక్కసారైనా అన్నారు కాదే! మా ఆయన విన్నప్పటినుంచీ అన్నం సరిగ్గా తినడం లేదు."

ఫోను పెట్టేసి భార్య నేరుగా, బీరువా తలుపుకి నూనె వేస్తున్న మాస్టారి దగ్గరికి వచ్చింది. "ఏమండీ, ఎప్పట్నుంచి?"

"ఏది?"

"అదే. తెలియనట్టు మాట్లాడకండి."

"నేనెప్పుడు తాగానే? చుక్క ముట్టలేదు!"

"ముట్టనివాళ్ళకి అంత అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుందండీ?"

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. మాస్టారు పాలు కూడా తాగలేదు, చెట్టు బెరడు చూశారంతే. కాదన్నకొద్దీ ఆమెకు అనుమానం బలపడింది. ఆ పూట ఆమె దగ్గుమందు సీసా కూడా మూత తీసి వాసన చూసింది.

ఇక ఉన్నదున్నట్టు చెప్పేయాలని మాస్టారు కూతురికి ఫోను చేశారు. తాను చూసింది వైను కాదని, లేబుళ్ళని, రెండు ముక్కలు చెప్తే సరిపోతుంది. కాని ఆయన నోరు తెరిచేలోపే కూతురు అందుకుంది.

"నాన్నా, నిన్న చుట్టాలందరి ముందు మీ అల్లుడు నీ గురించి చెప్తుంటే నాకెంత గర్వంగా అనిపించిందో తెలుసా?"

గర్వం అన్న మాట కూతురి నోట తన గురించి వినడం ఆయనకు అదే మొదలు. ఇంతలో అటువైపు ఆమె సూటుకేసు సైజుల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. నిజం కక్కలేక, మింగలేక, "రెండు సూటుకేసులు చాలమ్మా" అని పెట్టేశారు.

బుధవారం సాయంత్రం షిప్పులో భోజనాల హాలు. తెల్లటి బల్లగుడ్డలు, గుండ్రటి కిటికీలు, వాటిలో సముద్రం ఒకసారి పైకీ ఒకసారి కిందికీ. ఆరుగురూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. మాస్టారి సీసా రేపటికని గదిలోనే ఉంచారు. ఎప్పుడూ గలగలా మాట్లాడే డాక్టరుగారు ఆ రోజు తేలు కుట్టిన దొంగలా ఉన్నారు. నుదుటి మీద చెమట. సంచిలోంచి సీసా తీసి, అది చేతిలో కాలుతున్నట్టు గబుక్కున మాస్టారి ముందు పెట్టారు.

"ముప్పై ఏళ్ళ నాటి వైటు వైనండీ బావగారూ. ఒక పేషెంటు ఇచ్చారు. మీలాంటివారు చూడాలి."

మాస్టారు చేతిలోకి తీసుకుని అలవాటుగా బొటనవేలు లేబులు మీద వేశారు. లేబులు జరిగింది.

ఆయన గుండె కూడా కొంచెం జరిగింది. కాగితం పాతదే, ముప్పై ఏళ్ళదంటే నమ్మొచ్చు. దాని కింది గమ్ము మాత్రం పొద్దుటిది. ఇంకా పచ్చిగా ఉంది. పక్కకు జరిగిన అంచులోంచి నీలం రంగూ, కొంగ కాలూ తొంగిచూశాయి. షాపులో గుట్టగా పోసిన సీసా! డాక్టరుగారు పాత సీసా లేబులు ఊడదీసి దీని మీద అంటించారు. మాస్టారు చప్పున లేబుల్ని యథాస్థానానికి నెట్టి, పైన అరచెయ్యి మూశారు.

ఇంతలో సర్వరు ఐసు బకెట్టు తెచ్చాడు. "ఇలా ఇవ్వండి సార్, చల్లబరుస్తాను."

ఆ బకెట్టులో దిగితే రెండు నిమిషాల్లో లేబులు నీళ్ళ మీద తేలుతుంది. కొంగ రెండు ముక్కులతో సహా బయటపడుతుంది. కొడుకు ముందు, కోడలి ముందు, వియ్యాలవారి ముందు ఆ పెద్దమనిషి తల ఎక్కడ పెట్టుకుంటారు?

"వద్దు" అన్నారు మాస్టారు.

"చల్లగా తాగితేనే బాగుంటుంది సార్."

"దీనికి చలి పనికిరాదు. ఒంటి వేడి తగలాలి." మాస్టారు సీసాను గుండెకు హత్తుకున్నారు.

పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయనకు మాస్టారి కీర్తి ఏమీ తెలియదు. అయినా అంత నమ్మకంగా చెప్పిన మాట ఆయనకు నచ్చింది. తన సీసాను బకెట్టులోంచి తీసి, తుడిచి, కోటు లోపల పెట్టుకున్నాడు. అది చూసి ఆ వెనక బల్లవాళ్ళూ తీశారు. కాసేపట్లో హాల్లో సగంమంది చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు సీసాలు ఎత్తుకుని కూర్చున్నారు. సర్వరు పరుగెత్తి హాలు మేనేజర్ని పిలుచుకొచ్చాడు.

"సార్, ఇంత పాత సీసా మా షిప్పు మీదికి ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి లేబులు చూడొచ్చా?" మేనేజరు ఎంతో మర్యాదగా చేయి చాపాడు.

"కుదరదు."

"నాన్నా, ఇచ్చెయ్యి" అంది కూతురు, గొంతు తగ్గించి.

"ఇవ్వను."

"పరువు తీస్తున్నారండీ" అంది భార్య, గొంతు తగ్గించకుండా.

మాస్టారు సర్వరు చేత మూత మాత్రం తీయించుకున్నారు. సీసా వదలకుండా, అరచెయ్యి ఎత్తకుండా, ఆరు గ్లాసుల్లోనూ ఆయనే పోశారు. సగం బల్లగుడ్డ మీద పడింది. జీవితంలో మొదటిసారి ఒక గుక్క తాగారు. చక్కెర వేయడం మరిచిపోయిన దగ్గుమందులా ఉంది. అందరూ ఆయన ముఖం వైపే చూస్తున్నారు. డాక్టరుగారు చూడటం లేదు, కళ్ళు మూసుకున్నారు.

"ఇలాంటిది నేనెన్నడూ తాగలేదు" అన్నారు మాస్టారు.

డాక్టరుగారు కళ్ళు తెరిచి ఊపిరి పీల్చుకున్నారు. మాస్టారు మాత్రం కుడిచేత్తో తింటూ, ఎడమచేత్తో సీసాను చంకలో ఇరికించుకుని భోజనం ముగించారు. లేచేటప్పుడు ఖాళీ సీసాను కూడా వెంట తీసుకెళ్ళారు. వెనక నుంచి ఎవరో నవ్వారు.

గది తలుపు దగ్గర కూతురు ఆపింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎందుకు నాన్నా ఇలా చేశావు? తాగుడు అలవాటు లేదంటావు, ఖాళీ సీసా కూడా వదలవు. అందరూ మనల్నే చూశారు."

చెప్తే ఆ క్షణమే ఆయన పరువు నిలుస్తుంది, ఆమె మామగారిది పోతుంది. ఆ ఇంట్లో రేపు మసలవలసింది తాను కాదు, ఆమె. గర్వమన్న మాట మూడు రోజులు దక్కింది, అంతవరకే ప్రాప్తం అనుకున్నారు మాస్టారు.

"పొరపాటైందమ్మా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే భార్య అటు తిరిగి పడుకుని ఉండగానే ఆయన పైన డెక్కు మీదికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఎండ ఇంకా లేతగా ఉంది. వెనక నుంచి డాక్టరుగారు వచ్చి, నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"బావగారూ, ఎప్పుడు తెలిసింది మీకు?"

మాస్టారు అటూ ఇటూ చూశారు. "బొటనవేలు పెట్టగానే."

డాక్టరుగారు పక్క కుర్చీలో కూలబడ్డారు. "అసలు సీసా తొమ్మిదేళ్ళ కిందటే ఖాళీ అయిందండీ. షోకేసులో ఉన్నది ఉత్త సీసా. దారిలో పగిలిపోయిందని ఏదో చెప్పి తప్పించుకుందామనుకున్నా. ఈలోపు మీరు పదకొండు సీసాలు తీసి పారేశారని అబ్బాయి చెప్పాడు. ఇంతటి మనిషి ముందు ఉత్తచేతులతో ఎలా కూర్చోవడం? మీరంటే భయం వేసిందండీ బావగారూ, నిజం చెప్తున్నా. నాకు వైను గురించి ఓనమాలు తెలియవు."

"నాకూ తెలియవండీ."

"మరి ఆ భూతద్దం?"

మాస్టారు భూతద్దాన్ని జేబులో ఇంకాస్త లోపలికి నెట్టారు. కూతురికి ఇచ్చిన మాట గుర్తుంది.

"మా నాన్న లేబుళ్ళ ప్రెస్సులో చేశారు మామయ్యగారూ."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. కూతురు రెండు కాఫీ కప్పులతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో, కప్పుల్లో కాఫీ మాత్రం సాసర్లలోకి ఒలికి ఉంది.

"ముప్పై నాలుగేళ్ళు రంగులు చూశారు. వెంట్రుకవాసి మాస్టారంటే ఆ లైన్లో తెలియనివాళ్ళు లేరు. స్కూల్లో నన్ను దగ్గుమందు లేబులు అని ఏడిపించేవాళ్ళు. అందుకే ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను." ఆమె కప్పులు కింద పెట్టి తండ్రి వైపు తిరిగింది. "నిన్న నిన్ను చూసి సిగ్గుపడ్డాను నాన్నా. ఇప్పుడు నన్ను చూసుకుంటే సిగ్గుగా ఉంది."

"పిచ్చిదానా, దానికేముందే" అన్నారు మాస్టారు. భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడిచారు, అవసరం లేకపోయినా.

డాక్టరుగారు బిడియపడుతూ అడిగారు. "గమ్ము క్లినిక్కులోదే బావగారూ. ఆరడానికి హెయిర్ డ్రయరు కూడా పెట్టాను. పళ్ళు అతికించే సిమెంటు వాడదామా అనుకుని, కాగితానికి ఎందుకులే అని మానేశాను. అసలు ఎందుకు పట్టలేదంటారు?"

మాస్టారు కూతురి వైపు చూశారు.

"చెప్పు నాన్నా" అంది ఆమె, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

జీవితమంతా ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించిన డాక్టరుగారు, గమ్ముల గురించి మాస్టారు మాట్లాడిన గంటన్నరసేపూ తన నోరే తెరుచుకుని కూర్చున్నారు.