నూట నాలుగు కిలోల సాక్ష్యం

ఆ ఉదయం ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లే దారిలో, ఎవరి కంటా పడకుండా, ఒక మంచి కాటా ఎక్కి దిగాలి. తూనికలు కొలతల శాఖలో చేరిన నాటి నుంచి ఊళ్లోని కాటాలన్నిటికీ ముద్రలు వేస్తున్న మనిషికి అదేమంత గగనం కాదు. సాయంత్రం ఆస్పత్రిలో డాక్టరుకు ముఖం చూపించాలి కనుక, ఆలోగా నిజమేమిటో తెలుసుకోవాలని ఆయన ఆరాటం.

పొట్టను కోయించి చిన్నది చేయించుకున్నాక మొదటి నెలల్లో కిలోలు చెప్పాపెట్టకుండా జారిపోయాయి. ప్యాంట్లు వదులయ్యాయి. మెట్లెక్కితే ఆయాసం రావడం మానేసింది. మరో నెలలో వందలోపుకు వచ్చేస్తున్నానని ఆయన ఆఫీసంతా చాటుకున్నాడు. సరిగ్గా అప్పుడే, నూట నాలుగు దగ్గర, బరువు చతికిలబడింది. నెలన్నర నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇది అందరికీ మామూలేనని, ఒళ్లు కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ దారికొస్తుందని డాక్టరు చెప్పాడు. ఆయన బుద్ధిగా తలూపాడు గానీ లోపల భయం పట్టుకుంది. కత్తికే లొంగని ఒళ్లు ఇక దేనికి లొంగుతుంది? ఇంత కోతా కోయించుకుని, ఇన్నాళ్లూ గరిటెడు సూపుతో బతికి, మళ్లీ పాత మనిషినే అయిపోతే నలుగురిలో ఎలా తిరగాలి?

భయపడ్డ మనిషి తనకు చేతనైన పనే చేస్తాడు. ఆయన తనిఖీలు మొదలుపెట్టాడు. ముందు ఇంట్లో కాటాను అనుమానించాడు. దాన్ని స్నానాల గదిలో ఒకసారి, హాల్లో ఒకసారి, కిటికీ కింద ఒకసారి పెట్టి ఎక్కాడు. తర్వాత భార్యను అనుమానించాడు. ఆమె తనకు సూపు కొలిచే గిన్నెను, ఆఫీసు నుంచి తెచ్చిన కొలపాత్రతో సరిచూశాడు. గిన్నెలో లోపమేమీ లేదు. భార్య మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

"గిన్నె అయిపోయింది కదా, ఇక నాక్కూడా ఓ ముద్ర కొట్టేయండి. పీడా పోతుంది" అంది మూడో రోజు.

ఆయన అనుమానం మళ్లీ కాటా మీదికే పోయింది. అది బావమరిది కొనిచ్చింది. ఇంట్లో వాడే కాటాలకు శాఖ ముద్ర ఉండదు. ముద్ర లేనిదాన్ని నమ్మడం ఆయన రక్తంలోనే లేదు.

ముద్ర ఉన్న పెద్ద కాటా ఆఫీసు దారిలో పాత ఇనుము కొనే కొట్లో ఉంది. కొట్టు యజమానిని వీధంతా బాబాయ్ అని పిలుస్తుంది. పొద్దున్నే గుమ్మంలో ఇన్‌స్పెక్టరును చూసేసరికి బాబాయ్ టీ గ్లాసు వదిలేసి లేచి నిలబడ్డాడు. ఒక్క నిమిషం కాటా కావాలని మాత్రమే ఇన్‌స్పెక్టరు అడిగాడు. తలుపు ఓరగా వేసి, బూట్లు విప్పి, బెల్టు తీసి, వాచీ, తాళాలు, పర్సు బల్ల మీద వరసగా పేర్చాడు. ఇంత పకడ్బందీ తనిఖీ బాబాయ్ తన జన్మలో చూడలేదు. ఇన్‌స్పెక్టరు ఊపిరి బిగబట్టి కాటా ఎక్కాడు.

తొంభై ఆరు చూపించింది.

దిగి మళ్లీ ఎక్కాడు. తొంభై ఆరే. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "కాటా అద్భుతంగా ఉంది బాబాయ్. ఇలాంటిది నేనింతవరకు చూడలేదు" అంటూ బాబాయ్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ తర్వాత ఫోన్ తీసి, "తొంభై ఆరు. రెండుసార్లు చూశాను. ముద్ర ఉన్న కాటాయే, అనుమానం లేదు" అని భార్యకు చెప్పాడు. అది పైవాళ్లకు అందుతున్న నివేదిక అనుకున్న బాబాయ్, ఆయన వీధి మలుపు తిరగకముందే వర్తక సంఘం అధ్యక్షుడికి ఫోన్ కలిపాడు. బూట్లు కూడా విప్పి మరీ తనిఖీ చేస్తున్నారని, ముందు నవ్వుతూ పొగుడుతున్నారని, జాగ్రత్త పడమని చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు గాల్లో తేలిపోతూ నడుస్తుంటే రెండు పక్కలా షట్టర్లు దబదబా దిగాయి. ఎవరో పెద్దమనిషి పోయి ఉంటాడనుకుని, మర్యాద కోసం ముఖం కాస్త విచారంగా పెట్టుకున్నాడు. ఆ విచారం అట్టే సేపు నిలవలేదు. ఈలోగా భార్య తమ్ముడికి చెప్పింది. తమ్ముడు బంధువులందరికీ చెప్పాడు. ఆఫీసు మెట్లెక్కేలోపు ఆయన ఫోన్ నిండా అభినందనలే.

లోపల పై అధికారిణి కూడా అభినందించడానికే నిలబడి ఉంది. వర్తక సంఘం అధ్యక్షుడు అప్పుడే ఫోన్ చేసి లబలబలాడాడట. ఆ ఇనుము కొట్టు మీద ఎప్పటినుంచో తనకు అనుమానమని, చెప్పకుండా వెళ్లి చూసిరావడం భలే తెలివైన పని అని ఆమె ఆయనను ఆకాశానికెత్తేసింది. నా బరువు చూసుకోవడానికి వెళ్లానండీ అని చెప్పడానికి ఆయనకు నోరు పెగల్లేదు. ఇప్పుడే పక్కాగా తేల్చేద్దామంది. అయిదు ఇరవై కిలోల తూకపు రాళ్లు జీపులోకి ఎక్కాయి. వాటి పక్కన ఆయన, ముందు సీట్లో ఆమె కూర్చున్నారు.

జీపు కదిలాక గానీ, పొద్దున్నుంచి తనలోని ఇన్‌స్పెక్టరు ఎక్కడికి పోయాడో ఆయనకు అర్థం కాలేదు. సరుకు అమ్మేవాడి కాటా మోసం చేస్తే ఎక్కువ చూపిస్తుంది. కొనేవాడి కాటా తక్కువ చూపిస్తుంది. బాబాయ్ కొనేవాడు. చేరిన మొదటి వారంలో నేర్చుకున్న పాఠం అది. తెలిసి కూడా ఆయన దారి పొడుగునా బాబాయ్ నిజాయితీ కోసం దేవుణ్ని వేడుకున్నాడు.

దేవుడు ఆ జోలికి పోలేదు. వంద కిలోల రాళ్లు పెడితే కాటా తొంభై రెండున్నర దగ్గర ఆగింది. ఆ లెక్కన తొంభై ఆరంటే ఎంతో ఇన్‌స్పెక్టరు మనసులో కట్టి చూశాడు. లెక్క తప్పాలని కోరుకుంటూ మళ్లీ కట్టాడు. నూట నాలుగు.

అప్పటికి బాబాయ్ తేరుకున్నాడు. వీధి సగం గుమ్మంలోనే ఉంది. సంఘం అధ్యక్షుడు అండగా నిలబడ్డాడు.

"పొద్దున దాకా నా కాటా ముత్యంలా ఉందమ్మా. సార్ ఒకటికి రెండుసార్లు ఎక్కి దిగారు. అంత మనిషి ఎక్కాకే దానికి ఈ గతి పట్టింది" అన్నాడు బాబాయ్.

"మీరు కాటా ఎక్కారా?" అంది అధికారిణి.

ఇన్‌స్పెక్టరుకు ఎటూ పాలుపోలేదు. తొంభై ఆరు నిజమంటే, పొద్దున కాటా సవ్యంగానే ఉన్నట్టు, దాన్ని తన ఒంటి బరువుతో పాడుచేసినట్టు. అబద్ధమంటే, ఆ వీధి మొత్తం వింటుండగా తన బరువు తానే చాటుకోవాలి. జేబులో ఫోన్ అభినందనలతో అదురుతూనే ఉంది. ఆయన దాన్ని ఆపేశాడు. ఇనుము మోసుకొచ్చి ఇక్కడ అమ్ముకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు గుమ్మంలో నిలబడి ఆయన ముఖంలోకే చూస్తున్నారు. ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది.

"ఎక్కాను మేడమ్. ఇది పొద్దున కూడా తక్కువే చూపించింది. నా బరువు నూట నాలుగు. నెలన్నరగా రోజూ చూసుకుంటున్నాను. చచ్చినా కదలడం లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారిణి మాత్రం నవ్వలేదు. ఆమె కళ్లు మెరిశాయి. నెలన్నరగా మారని బరువంటే శాఖ దృష్టిలో అంతకంటే గొప్ప గుణం లేదు. కాటాను, దానితోపాటు ఇన్‌స్పెక్టరు ఇంట్లోని కాటాను కూడా సాక్ష్యం కింద స్వాధీనం చేసుకోమని అక్కడికక్కడే ఆదేశించింది.

"విచారణలో మీరే మన ముఖ్యసాక్ష్యం. అప్పటిదాకా ఈ బరువు ఇలాగే ఉండాలి. ఉంటుందా?"

"అందులో మీకేం సందేహం వద్దు మేడమ్" అన్నాడు ఆయన నీరసంగా.

సాయంత్రం ఆస్పత్రి ముఖం చూడకుండా ఇంటికి వెళ్లేసరికి బావమరిది ఒక సైజు తక్కువ ప్యాంటు కొనుక్కొచ్చి కూర్చున్నాడు. జరిగిందంతా విని, ప్యాంటు మడిచి పెట్టి నెమ్మదిగా జారుకున్నాడు. భార్య మటుకు ఆయన పక్కనే కూర్చుంది.

"తొంభై ఆరని ఫోన్ చేశారే, నాకు బరువు సంగతి పట్టనేలేదు. మీ గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్లయిందో అనుకున్నాను" అంది.

ఆయనకు దుఃఖం ఆగలేదు. ఆమె నవ్వనూ లేదు, గిన్నె ఊసు ఎత్తనూ లేదు.

కాటా పోయిన ఇంట్లో పొద్దున్నే చెయ్యడానికి పనేమీ లేకపోయింది. ఏమీ తోచక ఆయన భార్యతో కలిసి నడకకు బయల్దేరాడు. పెట్టింది తిన్నాడు, రాత్రిళ్లు నిద్రపోయాడు. ఆస్పత్రిలో కాటా ఎక్కించినప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని, అంకె తనకు చెప్పొద్దని డాక్టరును బతిమాలాడు. డాక్టరు నవ్వి, అంకె రాసుకున్నాడు.

విచారణ రోజున అధికారిణి శాఖలోకెల్లా నిఖార్సయిన కాటాను స్వయంగా మోయించుకొచ్చింది. సాక్షి తన బరువు నిరూపించుకోవాలని బాబాయ్ లాయరు అడగ్గానే, అడగడమే ఆలస్యమన్నట్టు ఆమె దారి చూపించింది. ఇన్‌స్పెక్టరు బూట్లు విప్పి, ధీమాగా ఎక్కి నిలబడ్డాడు.

తొంభై ఎనిమిది.

ఆ తర్వాత లాయరు ఏం వాదించాడో ఆయన చెవికి సరిగ్గా ఎక్కలేదు. ఆ రోజు ఈయన ఇంటికి ఫోన్‌లో చెప్పిందీ తొంభై ఆరేనని, ఇప్పుడు తేలింది తొంభై ఎనిమిదేనని, అంటే కాటా పొద్దున దాదాపు సవ్యంగానే ఉందని, మారని బరువుకు సాక్ష్యం తెస్తామన్న శాఖ మారిన మనిషిని తెచ్చిందని ఏదో అన్నాడు. కేసు కొట్టేశారు. ఓడిపోయిన పక్షం సాక్షి కోర్టు మెట్ల మీద నిలబడి ఫోన్‌లో భార్యకు అంకె చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే, గెలిచిన బాబాయ్ కంగారుపడి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మర్నాడు బల్ల మీద మెమో ఉంది. శాఖకు చెందిన ముఖ్యసాక్ష్యంలో ఆరు కిలోలు ఎలా మాయమయ్యాయో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలని అధికారిణి సంతకం. ఇన్‌స్పెక్టరు వారం దాకా ఆగలేదు. అవి ఎక్కడికి పోయాయో తనకు తెలియదని, ఒకవేళ శాఖవారు వాటి ఆచూకీ కనిపెట్టినా తిరిగి తీసుకునే ఉద్దేశం తనకు లేదని, సవినయంగా జవాబు రాశాడు.