జొన్నల డబ్బా లేని ఇల్లు

రామనాథానికి ఆలోచన వచ్చిందంటే ఇంట్లో ఏదో ఒకటి పగులుతుందని ఆయన భార్య వెంకటలక్ష్మి నమ్మకం. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ నమ్మకం ఒక్కసారి కూడా వమ్ము కాలేదు.

ఈసారి ఆలోచన నంద్యాల ఇల్లు అమ్మడం గురించి. ఆయన బట్టల కొట్టు ఆళ్ళగడ్డకు మార్చి ఏడాదైంది. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. మధ్యలో నలిగే నడుము ఆయనది. ఈ ఇల్లు అమ్ముడుపోతే ఆళ్ళగడ్డలో కొట్టు వెనకే ఒక ఇల్లు కొనుక్కోవచ్చు. పోకపోతే బతికినంతకాలం కిటికీ పక్క సీటు కోసం కొట్లాడుతూ ఉండాల్సిందే.

ఇల్లు బంగారంలాంటిదే. చిక్కంతా అటకతోనూ, గోడల్లో బేతంచెర్ల బండలు పరిచి కట్టించిన అరలతోనూ. చూడ్డానికొచ్చిన మొదటి ఆయన అటక తెర పక్కకు లాగితే పాత గొడుగుల కట్ట నెత్తిన పడింది. రెండో ఆయన మెట్ల కింద గది తలుపు తీశాడు. ఆ తలుపు మళ్ళీ వేయడానికి ముగ్గురు మనుషులు కావలసి వచ్చారు.

"చూస్తివా? నీ సామాన్ల దెబ్బకు ఇద్దరూ పారిపాయిరి!" అన్నాడు రామనాథం.

"గొడుగులు నావా, నీవా?"

"ఎవరివైతే ఏంది? అటక నీది గదా!"

ఆ వారమే ఫోన్‌లో ఎవరో కుర్రాడు చెప్పిన వీడియో ఆయన కంటబడింది. ఇల్లు అమ్మాలంటే అల్మారాలు సగం ఖాళీగా ఉండాలట. ఆ ముక్క వినగానే రామనాథానికి జ్ఞానోదయమైంది.

"అర తెరిస్తే ఖాళీ కనపడల్ల. అప్పుడు కొనేవాళ్ళకు ఇల్లు పెద్దదనిపిస్తాది," అన్నాడు భార్యతో.

"నాకు వారం టయిమియ్యి. నేనే సర్దుతా. ఏది ఉండల్లో, ఏది పోవల్లో నాకు తెలుసు."

"నువ్వా? ఇది పనికొస్తాది, అది పనికొస్తాది అంటావు. ఒక్క గరిటె గడప దాటదు."

"పనికిరానిది ఏదో నేను చెబితే నీకు కోపమొస్తాదిలే," అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాటను రామనాథం పట్టించుకోలేదు. పట్టించుకొని ఉంటే ఈ కథే లేదు.

శుక్రవారం వెంకటలక్ష్మి పిన్నికూతురి పెళ్ళికని గోస్పాడుకు వెళ్ళింది. ఆదివారం పదింటికి మూడో పార్టీ వస్తోంది. శనివారం పొద్దున్నే రామనాథం లగేజీ ఆటో యేసురత్నాన్ని పిలిపించాడు. ఆ వీధిలో ఎవరి సామాను కదలాలన్నా అతనే.

"ఇదంతా ఆళ్ళగడ్డకు చేర్చల్ల. కొట్టు గోడౌన్‌లో దించెయ్. ఇదిగో బీగం చెవి. అమ్మకు మాత్రం చెప్పాకు."

"నేనెందుకు చెప్తానన్నా," అన్నాడు యేసురత్నం వినయంగా.

సగం ఖాళీ చేద్దామనే మొదలుపెట్టాడు. కానీ సగం ఖాళీ అయిన అర ఎంత ముద్దుగా కనబడిందంటే, పూర్తిగా ఖాళీ అయితే ఇంకెంత బాగుంటుందో అనిపించింది. ఊరగాయ జాడీలు పోయాయి. ఇత్తడి బిందెలు పోయాయి. అటక మీది సామాను, పరుపులు, పప్పుల డబ్బాలు, జొన్నల డబ్బా, మడత మంచం, చివరికి కాఫీ ఫిల్టరు కూడా ఆటో ఎక్కాయి. రెండో ట్రిప్పు పోయాక రామనాథం వంటింట్లో నిలబడి ఒకసారి దగ్గాడు. ఇల్లు తిరిగి దగ్గింది. ఆహా, ఎంత విశాలం అనుకున్నాడు.

ఆదివారం సరిగ్గా పదింటికి కరుణాకర్, అతని భార్య అర్చన వచ్చారు. ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కించే షెడ్డు వాళ్ళది. కూతురి చదువు కోసం నంద్యాలకు మారుతున్నారు. కరుణాకర్ రాయి తెలిసినవాడు గనక అరల్లోని బండల్ని వేలితో కొట్టి చూసి, బాగున్నాయన్నట్టు తలూపాడు. రామనాథం ఒక్కొక్క అర తలుపూ పెళ్ళికూతురి మేలిముసుగు తీసినంత గర్వంగా తీశాడు.

అర్చన మొదటి అరలో తల పెట్టి వాసన చూసింది. రెండో దాంట్లో వేలు పెట్టి రుద్దింది.

"ఏందన్నా, అన్నీ ఖాళీ? చెమ్మా? చెదలా?"

"అబ్బే! చెదలు లేవమ్మా. ఖాళీ జాగా. చూడు ఎంతుందో!"

"ఏమీ పెట్టకుండా ఎట్ల బతుకుతాండారు? ఊరగాయ యాడ పెట్టుకుంటారు? బియ్యం యాడ పోసుకుంటారు?"

మంచినీళ్ళిద్దామంటే గ్లాసుల్లేవు. కాఫీ సంగతి సరేసరి. ఆ కంగారులో, ఆటో ఎక్కకుండా మిగిలిన ఒకే ఒక్క డబ్బా మూత తీసి, "ఇదో, ఇంత పెద్ద డబ్బా కూడా పడుతాది," అని అర్చన ముందు పెట్టాడు. అదీ ఖాళీయే.

అర్చన రెండడుగులు వెనక్కి వేసింది. ఇంటికొచ్చిన ఆడమనిషికి వట్టి డబ్బా చూపించేవాణ్ణి ఆమె పుట్టాక ఇదే మొదటిసారి చూడడం.

"ఈ ఇంట్లో ఏదీ నిలవదేమో, పోదాం పాండి," అంది మొగుడితో మెల్లగా.

కరుణాకర్ మొహమాటస్తుడు. "అన్నా, ఒకసారి ఇంటి కాగితాలన్నా చూపిస్తే..." అన్నాడు.

రామనాథం బీరువా తీశాడు. కాగితాలు లేవు. అప్పుడు గుర్తొచ్చింది. దస్తావేజులు వెంకటలక్ష్మి దాస్తుంది. ఎక్కడ దాస్తుందో ఆయన ఏనాడూ అడగలేదు. మళ్ళీ బస్సు, మళ్ళీ కిటికీ పక్క సీటు కళ్ళముందు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. తోలుతున్న యేసురత్నం పక్క సీట్లోంచి పెళ్ళి పట్టుచీరలోనే వెంకటలక్ష్మి దిగింది. వెనక సామాను, సామాను మీద, దించడానికి వచ్చిన యేసురత్నం తమ్ముడు.

రామనాథం యేసురత్నాన్ని గుడ్లురిమి చూశాడు. "చెప్పొద్దంటి గదరా!"

"నేను చెప్పలేదన్నా. జాడీలు ముందు దించల్లా, పరుపులు ముందు దించల్లా అని అమ్మకు ఫోన్ చేసి అడిగినా, అంతే. ఈ ఇంట్లో సామాను అమ్మను అడక్కుండా ఎప్పుడన్నా దించినానా?"

ఆమె రెండు ట్రిప్పులనూ గోస్పాడుకే తిప్పించుకుంది. పెళ్ళింట్లో ఉన్న ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి శనివారం సాయంత్రానికల్లా ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చేసింది. తిరిగొచ్చింది ఒక్క ట్రిప్పే.

"కూచో తల్లీ, కాఫీ తాగుదువు," అని అర్చనను పీట మీద కూర్చోబెట్టి, వెంకటలక్ష్మి కొంగు బిగించింది. ఆ తర్వాత జరిగింది చూసి రామనాథం నోరు తెరిచాడు, మూయడం మరిచిపోయాడు. జాడీలు కింది బండ మీదికి పోయాయి, అక్కడ చల్లగా ఉంటుందని. రోజూ వాడే పప్పులు చేతికందే ఎత్తుకు, పండగ గిన్నెలు పైకి, పరుపులు అటక మీదికి. అటక తెర వేస్తే ఏదీ జారలేదు. మెట్ల కింద గది తలుపు ఒక్క వేలితో మూసుకుంది. ముప్పావు గంటలో అన్నీ సర్దుకున్నాయి, ప్రతి అరలోనూ ఇంకో జానెడు జాగా మిగిలింది. ఈమెను ఇన్నేళ్ళూ పక్కన పెట్టుకొని తను ఫోన్‌లో కుర్రాణ్ణి అడిగాడే అని రామనాథానికి నిజంగానే సిగ్గేసింది.

అర్చన ఎప్పుడు పీట మీంచి లేచిందో, జాడీలు అందిస్తోంది. "అక్కా, నా తిరగలి ఈడ పడుతాది గదా?"

"పడుతాది. దాని పక్కన నీ రాగుల డబ్బా."

"కాగితాలు..." అని గొణిగాడు రామనాథం.

వెంకటలక్ష్మి జొన్నల డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన దస్తావేజులు పైకి తీసింది. "దొంగ బీరువా పగలగొడతాడు గానీ జొన్నలు చెరిగి చూస్తాడా?"

కరుణాకర్ కాగితాలు చదివే లోపలే అర్చన తాంబూలం అడిగేసింది. ఇల్లు ఖాయమైంది.

వాళ్ళు వెళ్ళాక రామనాథం కాస్త తేరుకున్నాడు. "ఏమైతేనేం, నా ప్లానే పారింది. సామాను తగ్గె, ఇల్లు అమ్ముడుపాయె. ఇంతకూ పోయిన సామాను ఏందేంది?"

"పన్నెండు గొడుగులు, పలకని రేడియోలు మూడు, పదిహేనేళ్ళ పేపర్లు, నీ కొట్టు పాత క్యాలెండర్లు. ఇంకా..."

"అన్నీ నావే గదా!"

"మరి నావన్నీ పనికొచ్చేటివి గదయ్యా."

ఆయన మొహం చూసి ఆమెకు జాలేసింది. సంచిలోంచి ఒక ఇనుప కడ్డీ తీసి చేతిలో పెట్టింది. కొట్టు తెరిచిన మొదటి రోజు గుడ్డ కొలిచిన మీటరు కడ్డీ. అది పోయిందనే రామనాథం ఎప్పుడో అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి.

"దీన్ని మాత్రం ఉంచితివా, లక్ష్మీ!"

"ఉంచకపోతే ఎట్ల? ఆళ్ళగడ్డ ఇంట్లో నీ సామానుకు ఒక అర ఇస్తాండా. కొలుచుకోవద్దూ?"

నెల తర్వాత కొత్త ఇంట్లో రామనాథం తన అర కొలిచాడు. నమ్మకం చాలక మళ్ళీ కొలిచాడు. కడ్డీ ఈ గోడ నుంచి ఆ గోడకు సరిగ్గా సరిపోయింది. లోతు రెండు వేళ్ళే. ఇక దాని పక్కన ఒక్క గొడుగుకు కూడా చోటు లేదు.