ఫెయిల్ అల్లుడు

ఆ రోజు పొద్దున ఎల్లారెడ్డి ఊళ్లో నర్సవ్వ అనుకున్న పని చిన్నదే. మొదటి మోటారు బస్సెక్కి కొడుకు ఎల్లయ్యను కామారెడ్డికి తీసుకుపోవాలి, బెల్లం వ్యాపారి హన్మండ్లు ఇంట్లో పప్పన్నం తిని సంబంధం ఖాయం చేసుకోవాలి, పొద్దు గూకేలోపు ఇల్లు చేరి బర్రె పాలు పిండాలి. ఎల్లయ్యకు బర్రె చింత లేదు. బెల్లం తూకం తక్కువుందని అన్నందుకు హన్మండ్లు బిడ్డ విమలమ్మ తన మీద గయ్యిమని లేచిన నాటి నుంచి, ఆ పిల్ల తప్ప అతనికి వేరే చింతే లేదు.

హన్మండ్లు మాత్రం ఎల్లయ్య ముఖం చూసి పిల్లనిస్తానని అనలేదు. మెట్రిక్ ఫెయిల్ అని విని ఒప్పుకున్నాడు.

ఇప్పటి పిల్లలు నవ్వుతారేమో గానీ, నిజాం రోజుల్లో ఫెయిల్ అంటే మాటలు కాదు. మెట్రిక్ కంటే కిందిదైన మిడిల్ పరీక్ష పాసైనవాళ్లు బజారుకు ఇద్దరు దొరికేవారు. ఒకడు తాసిల్దారు కచేరీలో చీటీలు రాసేవాడు, ఇంకొకడు ఏమీ రాయనివాడు. మెట్రిక్ దాకా పోయినవాళ్లు చుట్టుపక్కల ముగ్గురే, ఆ ముగ్గురూ ఫెయిలే. అందులో ఒకడు హన్మండ్లు పక్కింటి ఈరవ్వ అల్లుడు. అతడు భిక్నూరు నుంచి వచ్చినప్పుడల్లా "ఫెయిల్ సాబు వచ్చిండు" అని గల్లీ అంతా లేచి నిలబడేది. అట్లా లేచి లేచి హన్మండ్లు మోకాళ్లు అరిగాయి. తనకూ ఒక ఫెయిల్ అల్లుడు కావాలని ఆయన పంతం.

ఎల్లయ్య పరీక్ష రాసి వచ్చిన నాడే ఊరు అతనికి ఆ బిరుదు ఇచ్చేసింది. ఫలితాలు రావాలి గదా అని ఎవరికీ తోచలేదు. రాసినవాళ్లంతా అదే అయ్యారు మరి!

విస్తళ్లు పరిచారు, పప్పు పడింది. హన్మండ్లు నెయ్యి గిన్నె ఎత్తాడు. సరిగ్గా అప్పుడే, ఎల్లయ్యతో పరీక్ష నంబరు రాయించుకున్న ఉర్దూ పంతులు ఘనీ సాబు, పొద్దుటి రైలుకు పట్నం నుంచి వచ్చిన, ఫలితాలు అచ్చయిన అఖ్బారు పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ముబారక్ హన్మండ్లూ! నీ అల్లుని నంబరు పడ్డది. పాస్!"

నెయ్యి గిన్నె గాలిలో ఆగింది. "ఏం పాస్?"

"మెట్రిక్ పాస్."

"గదెక్కడిది సాబు? మెట్రిక్‌కు ఫెయిలే ఉంటది. పాస్ మిడిల్‌కు ఉంటది."

"రెండిట్ల రెండుంటయి మియా."

"మెట్రిక్ పాసైనోన్ని నువ్వు చూసినవా, ఈ తాలూకల?"

ఘనీ సాబు అబద్ధమాడని మనిషి. అదే చిక్కు. "ఈ తాలూకలనైతే... లే."

హన్మండ్లు నర్సవ్వ వైపు తిరిగాడు. "ఏందొదినె, ఫెయిల్ అని చెప్పి పాసోన్ని తోలుకొచ్చినవు?"

నర్సవ్వ లబలబలాడింది. "అన్నా, నా కొడుకు గసొంటోడు కాదు! ఏం జేసినవురా ఎల్లిగా?"

"నేనేం జెయ్యలేదవ్వా. రాసిన, గంతే."

"సక్కగ రాసినవా?"

"కొద్దిగ."

"కొద్దిగనన్న ఎందుకు రాసినవురా!"

నెయ్యి గిన్నె లోపలికి పోయింది. దాని వెనకాలే పప్పు గిన్నె కూడా పోయింది. గోడ మీది నుంచి చూస్తున్న ఈరవ్వ, ఎవరూ అడక్కపోయినా, "మా అల్లుడు మూడుసార్లు ఫెయిల్" అని చెప్పి దిగిపోయింది.

ఘనీ సాబు తల పట్టుకున్నాడు. "అరే, ఇనుండ్రి! ఫెయిల్ అంటే దర్వాజ దాంక పోయి మళ్లొచ్చుడు. పాస్ అంటే లోపటికి పోవుడు. ఈ పిలగానికి పట్నంల కాలేజీ ఉంది, కచేరీల కొలువుంది."

హన్మండ్లు ముఖం విప్పారబోయింది. అంతకంటే ముందు నర్సవ్వ ఏడుపు ఆగింది.

"గట్లనా సాబు? అంటే ఆ పక్కింటి అల్లుని కన్న మావోడే పెద్దోడా?"

"చాన పెద్ద."

నర్సవ్వ విస్తరిని అవతలికి నెట్టింది. "గింత సదువు సదివినోనికి బెల్లం అమ్మెటోళ్ల పిల్లేంది? తాసిల్దారు ఇంటికే పోత. లేవురా!"

"ఒదినె, ఒదినె! కట్నంల ఇంకో బుట్టెడు బెల్లం పెడ్త, కూసో!" హన్మండ్లు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"బెల్లం ఎవలికి కావాలె? మాది పాసు!"

తలుపు చాటు నుంచి విమలమ్మ ఒక్కసారి చూసింది. ఆ చూపు చాలింది. ఎల్లయ్య అఖ్బారు అందుకుని, తన నంబరును తేరిపార చూశాడు.

"సాబు, ఇది నా నంబరు గాదు."

"నీ చేత్తోనే రాసిచ్చినవు గద బేటా!"

"తప్పు రాసిచ్చిన. నా నంబరు నాకే యాదికి లేదు. గసొంటోడు పాసయితడా?"

ఘనీ సాబు అతన్ని చూశాడు, తలుపు వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి అబద్ధమాడటానికి గొంతు సవరించుకున్నాడు.

"నిజమే. నంబరు యాదికి లేనోడు పాసెట్లయితడు? ఫెయిలే. పక్కా ఫెయిల్."

నర్సవ్వ చప్పుడు చేయకుండా విస్తరిని మళ్లీ ముందుకు లాక్కుంది. "నాకు ముందుగాల్ల నుంచి గదే కావాలె" అంటూ హన్మండ్లు నెయ్యి తానే ధారగా పోశాడు. మరుసటి నెలలో పెళ్లి జరిగింది. ఎల్లయ్య అత్తగారింటికి వస్తే గల్లీ అంతా లేచి నిలబడింది.

ఈ తాలూకాలో మెట్రిక్ పాసైనవాడు ఉన్నాడా అని ఎవరైనా అడిగితే, ఇంకా పుట్టలేదని అందరికంటే గట్టిగా చెప్పేది ఎల్లయ్యే.