అద్దాలాయన సైన్సు సాయం

పిల్ల పరీక్ష అయ్యేదాకా ఈ ఇంట్లో టీవీ లేదనుకోండి అని చెప్పి, ఇల్లాలు దాని మీద పాత దుప్పటి కప్పేసింది. సరిగ్గా ఆ మర్నాడే ఫుట్‌బాల్ పోటీలు మొదలయ్యాయి. ఆ ఇంటాయనది కళ్ళజోళ్ళ దుకాణం. వీధి వీధంతా ఆయన్ని అద్దాలాయన అనే పిలుస్తుంది. దుప్పటి కప్పుకున్న టీవీని చూసినప్పుడల్లా ఆయనకి దగ్గరి చుట్టమెవరో మంచానపడ్డట్టు గుండె తరుక్కుపోయేది.

అలాగని కూతురి చదువు మీద బెంగ లేదని కాదు. కాలేజీ ప్రవేశ పరీక్షలో లెక్కలూ భాషా ఆ పిల్లకి మంచినీళ్ళు తాగినంత తేలిక. సైన్సు భాగం దగ్గరే చతికిలబడేది. అందులో బట్టీ పట్టింది అడగరు. ఎవరో ఏదో ప్రయోగం చేశారంటూ ఒక పట్టికో గ్రాఫో ఇచ్చి, దీన్నిబట్టి ఏం తేలింది, ఏం తేలలేదు అని అడుగుతారు. పుస్తకం మొత్తం అప్పజెప్పగల పిల్లకి అక్కడ కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. ఆ ఒక్క భాగం పోతే కోరుకున్న కాలేజీ పోయినట్టే.

అందుకని పిల్ల సాయంత్రం నమూనా పేపరు రాస్తుంటే తండ్రి పక్కనే కుర్చీ వేసుకుని సాయం చేసేవాడు. సాయమంటే ఆయన లెక్కలో నిట్టూర్చడం. తప్పు జవాబు మీద పెన్సిలు పెడితే నాలుక చప్పరించేవాడు. ఒప్పు జవాబు మీద పెట్టినా, ఎందుకైనా మంచిదని చప్పరించేవాడు. తొందరపడొద్దని ఒకసారీ, టైమైపోతోందని ఒకసారీ హెచ్చరించేవాడు.

పక్కింటి గోడలోంచి గోల్ కొట్టిన కేకలు వినబడ్డ ఒక సాయంత్రం, కడుపుమంట ఆపుకోలేక ఆయన భార్య దగ్గరికెళ్ళాడు.

"పరీక్ష హాల్లో నిశ్శబ్దం ఎక్కడుంటుందోయ్? ఒకడు దగ్గుతాడు, ఒకడు కుర్చీ లాగుతాడు. పిల్లకి గోలలో రాయడం అలవాటు చెయ్యాలి."

"అయితే మిక్సీ వేస్తాలెండి."

"మిక్సీ ఒకే తీరున మోగుతుంది. గోలన్నాక హెచ్చుతగ్గులుండాలి."

"నడుమ పావుగంట విరామం కూడా ఉండాలి కాబోలు," అందావిడ.

ఆవిడ ఫోన్ల కంపెనీలో ఫిర్యాదులు వింటుంది. రోజంతా జనం సాకులు విని విని, ఏ మాట వెనక ఏ మాట దాక్కుందో ఇట్టే పట్టేస్తుంది. అయినా కాదనలేదు. ఒకరోజు టీవీ పెట్టి, ఒకరోజు పెట్టకుండా పిల్ల చేత పేపర్లు రాయించి, ఏ రోజు మార్కులు ఎక్కువొస్తే ఆ దారిలో పోదాం అంది. అచ్చం తన పేపర్లో ప్రయోగాల్లాగే ఉందని పిల్ల కూడా సరదాపడింది.

అద్దాలాయన ముందుజాగ్రత్తగా, టీవీ పెట్టే రోజులకి తేలికపాటి పేపర్లు విడిగా తీసి దాచుకున్నాడు. వాటితో పనే పడలేదు. టీవీ హోరెత్తిన రోజు మార్కులు వాటంతటవే పెరిగాయి. నిశ్శబ్దంగా ఉన్న రోజు పడిపోయాయి. తను అల్లిన అబద్ధం నిజమై ఎదురొస్తే ఏ మనిషైనా కాస్త జంకుతాడు. ఆయన మాత్రం ఛాతీ విరుచుకున్నాడు.

అక్కడితో ఊరుకున్నాడా? దుకాణానికొచ్చిన తల్లిదండ్రులకి కళ్ళజోడుతోపాటు టీవీ కూడా వాడమని సలహా ఇచ్చాడు. దాంతో అద్దాలాయనుండే మేడలో పై వాళ్ళు సీరియళ్ళూ, కింది వాళ్ళు వార్తలూ పెట్టేశారు. పక్కింటి డ్రైవింగు మాస్టారు కొడుకు బాగుపడాలని రెండు టీవీలు పెట్టాడు. మెట్ల మీద ఎదురుపడ్డవాళ్ళు సైగలతో పలకరించుకోసాగారు. ఫోన్లో ఎవరేం మాట్లాడినా వినబడి చావడం లేదని ఆ మేడ నుంచే ఇల్లాలి ఆఫీసుకి ఫిర్యాదులు వెళ్ళాయి.

ఆవిడ తల పట్టుకుని ఇంటికొచ్చేసరికి అద్దాలాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తేలాల్సింది తేలిపోయింది గనక ఇక రోజూ టీవీ పెట్టాల్సిందే అన్నాడు. ఆవిడ కూతురి వంక చూసింది.

"నాన్నా, కళ్ళు పరీక్ష చేసేటప్పుడు రెండు కళ్ళకీ ఒకేసారి అద్దాలు మారుస్తావా?" అని అడిగింది పిల్ల.

"ఛ, ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండూ మారిస్తే దేనివల్ల బాగా కనబడిందో ఎలా తెలుస్తుంది?"

"టీవీ పెట్టిన రోజు నువ్వెక్కడ కూర్చుంటున్నావు?"

"టీవీ ముందు."

"పెట్టని రోజు?"

అద్దాలాయన పిల్ల పక్కనున్న తన కుర్చీ వంక చూశాడు. ఇల్లాలు గోడవైపు తిరిగి నిలబడింది. ఆవిడ భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"నువ్వు చప్పరిస్తుంటే భయమేస్తుంది నాన్నా," అంది పిల్ల నెమ్మదిగా. "నీ ముందు తప్పు రాయకూడదు అనుకుంటూ అసలు ప్రశ్నేమిటో మర్చిపోతాను."

ఆ మాట ఆయనకి ఎక్కడో తగిలింది. మర్నాడు టీవీ మీదికి దుప్పటి వచ్చింది, ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. ఊరికే నిలబడటం దేనికని ఆవిడ అంట్లు ముందు పెట్టింది. ఆ సాయంత్రం పిల్లకి మునుపెన్నడూ రానన్ని మార్కులొచ్చాయి. అద్దాలాయన పొంగిపోయి, తను దూరంగా ఉంటే చాలని తేలింది కాబట్టి రేపట్నించి పక్కింట్లో కూర్చుని మ్యాచ్ చూసుకుంటానన్నాడు.

"మీరు దూరంగా ఉన్నందుకు పెరిగాయో, అంట్లు తోమినందుకు పెరిగాయో ఎవరికి తెలుసు?" అంది భార్య. "ఒకసారికి ఒక్కటే మార్చాలన్నారు కదా. పరీక్ష అయ్యేదాకా అసలేదీ మార్చకండి."

సైన్సుకి ఎదురు చెప్పే ధైర్యం ఆయనకి లేకపోయింది.

ఫైనల్ మ్యాచ్ సరిగ్గా పరీక్ష ముందురోజే వచ్చింది. పిల్ల ఆఖరి పేపరు ఒక్క తప్పు లేకుండా ముగించి, తనే దుప్పటి తీసి తండ్రిని కేకేసింది. మోచేతుల దాకా నురగతో ఆయన గుమ్మం దాకా వచ్చాడు. పచ్చగా వెలుగుతున్న మైదానాన్ని చూశాడు. కూతురి చేతిలోని పేపరు చూశాడు.

"వద్దు తల్లీ," అన్నాడు. "రేపు నువ్వు రాసొచ్చేదాకా ఏదీ మార్చొద్దు."

వెనక్కి వెళ్ళి చన్నీళ్ళలో చేతులు పెట్టిన కాసేపటికి హాల్లో తల్లీ కూతురూ ఒక్కసారిగా కేరింతలు కొట్టారు.

"ఎవరు కొట్టారోయ్?" అని లోపల్నించే అడిగాడు.

"ముందు అంట్లు కానివ్వండి, చెప్తాం," అందావిడ.

అంట్లు ఎప్పుడో అయిపోయాయి. అద్దాలాయన కడిగి బోర్లించిన పళ్ళెమే మళ్ళీ తీసి తోమడం మొదలుపెట్టాడు.